హారం సున్నా అయితే అసింప్టోట్ ఉన్నట్టేనా? లిమిట్లు, వర్టికల్ అసింప్టోట్ల గొడవ కొంచెం విప్పి చూద్దాం

క్యాలిక్యులేటర్ తీసి డిగ్రీ మోడ్‌లో టాన్ 89 కొట్టండి, 57.29 వస్తుంది. టాన్ 89.9 కొడితే 572.96, టాన్ 89.99 కొడితే 5729.58, ఇంకో తొమ్మిది తగిలిస్తే 57295.78. తొమ్మిది తగిలించినప్పుడల్లా దగ్గర దగ్గర పదింతలు అవుతా పోతుంది. సరే ఈ తిప్పలంతా ఎందుకు, నేరుగా 90 కొట్టి తేల్చేద్దాం అనుకుంటే స్క్రీన్ మీద మ్యాథ్ ఎర్రర్ అని పడుతుంది. పోనీలే అని దాన్ని దాటుకొని 90.01 కొట్టి చూస్తే మైనస్ 5729.58! ఇంతసేపూ ఆకాశానికి ఎగబాకింది కాస్తా ఒక్కసారిగా పాతాళంలో తేలింది.

ఇప్పుడు ఇంటర్ చదివే ఏ పిల్లోణ్ణి ఆపి టాన్ 90 ఎంతరా అని అడిగినా, ఏమాత్రం ఆలోచించకుండా "ఇన్ఫినిటీ సార్" అంటాడు. మరి ఈ మైనస్ 5729 యాడ్నుంచి వచ్చిందిరా అంటే తల గోక్కుంటాడు. నేను అనంతపురంలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లోళ్ళకీ డిగ్రీ ఫస్టియర్ వాళ్ళకీ లెక్కలు చెప్తుంటాను, ఈ ఒక్క జవాబు వినని సంవత్సరం లేదు. నన్నడిగితే ఇక్కడ నిజం చెప్పింది క్యాలిక్యులేటరే. టాన్ 90కి విలువ లేదు, అంతే. "90 దగ్గర ఏముంది" అనేది ఒక ప్రశ్న, "90 దగ్గరికి పోతా ఉంటే ఏం జరుగుతుంది" అనేది ఇంకో ప్రశ్న, మనోళ్ళు రెండో ప్రశ్నకి సగం జవాబు తీసుకొచ్చి మొదటి ప్రశ్న కింద రాస్తారు. లిమిట్స్ చాప్టర్‌లో వచ్చే తికమక ముప్పాతిక భాగం ఈ రెండు ప్రశ్నల్ని కలిపేయడం వల్లే వస్తుంది అని నా గట్టి నమ్మకం.

ముందు ఏ గొడవా లేని లెక్క ఒకటి తీసుకుందాం. (ఎక్స్² − 9)/(ఎక్స్ − 3). ఎక్స్ స్థానంలో 3 పెడితే పైన 0, కింద 0. విలువ లేదు. కానీ 2.9 పెట్టి చూడండి, 5.9 వస్తుంది. 2.99 పెడితే 5.99. అవతలి పక్కనుంచి 3.01 పెడితే 6.01, 3.001 పెడితే 6.001. రెండు పక్కలనుంచీ 6 వైపే పోతున్నాయి. ఎందుకు పోతున్నాయో కూడా కనపడుతుంది, పైన ఉన్నదాన్ని విడగొడితే (ఎక్స్ − 3)(ఎక్స్ + 3), కింద ఉన్న ఎక్స్ − 3 తో కొట్టేస్తే మిగిలేది ఎక్స్ + 3. 3 కాని ప్రతి చోటా ఇది ఎక్స్ + 3 అనే గీతే. 3 దగ్గర మాత్రం ఆ గీతలో ఒక్క చుక్క ఎగిరిపోయి చిన్న బొక్క పడింది. లిమిట్ (అంటే దగ్గరికి పోతా ఉంటే విలువలు చేరువయ్యే సంఖ్య) 6, విలువ లేదు. రెండు వాక్యాలూ ఒకేసారి నిజం, ఒకదానికొకటి అడ్డం రావు.

ఇక్కడ ఒక పిల్ల అడిగింది, "సార్, ఎక్స్ − 3 ని కొట్టేసినప్పుడు అది సున్నా కాదనుకున్నాం, ఆ తర్వాత ఎక్స్‌కి 3 పెట్టినాం, అంటే సున్నా అనుకున్నాం. ఇది మోసం కాదా సార్?" అని. చానా మంచి ప్రశ్నమ్మా అన్నాను, ఎందుకంటే న్యూటన్ క్యాలిక్యులస్ మీద కూడా ఇదే పంచాయితీ నడిచింది. 1734లో బర్క్‌లీ అనే బిషప్పు సరిగ్గా ఈ మాటే పట్టుకొని క్యాలిక్యులస్ వాళ్ళని ఉతికి ఆరేసినాడు, ముందు సున్నా కాదంటారు, పని అయిపోయాక సున్నా అంటారు, ఇవేమన్నా చచ్చిపోయిన రాశుల దయ్యాలా అని. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది, దానికి గట్టి సమాధానం రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1821లో కోషీ లిమిట్ అనే మాటనే క్యాలిక్యులస్‌కి పునాదిగా పెట్టి పాఠం రాసినాడు, ఆ తర్వాత వయర్‌స్ట్రాస్ దాన్ని ఇప్పుడు మనం పుస్తకాల్లో చూసే ఎప్సిలాన్, డెల్టా రూపానికి తెచ్చినాడు.

ఆ ఎప్సిలాన్, డెల్టా పేరు వింటేనే పిల్లోళ్ళు జడుసుకుంటారు గానీ అందులో ఉన్నది ఒక పందెం లాంటిదే. లిమిట్ 6 అని నేను అన్నాను. నువ్వు నమ్మవు. సరే, 6కి ఎంత దగ్గరగా రావాలో నువ్వే చెప్పు. వెయ్యో వంతు లోపల ఉండాలి అన్నావనుకో, నేను ఎక్స్‌ని 3కి వెయ్యో వంతు లోపల ఉంచితే చాలు, 3 మాత్రం పెట్టకూడదు, నీ కోరిక తీరుతుంది. లక్షో వంతు అన్నావు, నేనూ లక్షో వంతు అంటాను. నువ్వు ఎంత చిన్నది అడిగినా నా దగ్గర జవాబు ఉంది, అందుకే లిమిట్ 6. ఈ మొత్తం ఆటలో ఎక్స్ ఎప్పుడైనా 3 అయిందా? కాలేదు. మరి చివర్లో 3 ఎందుకు పెట్టినట్టు అంటే, ఎక్స్ + 3 అనే గీత ఎక్కడా తెగకుండా పోతుంది కాబట్టి, దాని లిమిట్, దాని విలువ రెండూ ఒకటే కాబట్టి, విలువ పెట్టి చూస్తే లిమిట్ ఎంతో తెలిసిపోతుంది. అదొక్క అడ్డదారి, మోసం కాదు. కావాలంటే ఆ బొక్క దగ్గర నేను బలవంతంగా "3 దగ్గర విలువ 100" అని రాసి పెడతాను, అయినా లిమిట్ 6 నుంచి ఇంచు కూడా కదలదు. ఆ పాయింట్‌లో ఏముంది, అసలు ఏమన్నా ఉందా లేదా అనేది లిమిట్‌కి అక్కర్లేని సంగతి.

ఇప్పుడు కింద అదే ఎక్స్ − 3 ఉంచి పైన 1 పెడదాం. 1/(ఎక్స్ − 3). 3.1 పెడితే 10, 3.01 పెడితే 100, 3.001 పెడితే 1000. అవతలి పక్క 2.9 పెడితే మైనస్ 10, 2.99 పెడితే మైనస్ 100. హారం అదే, సున్నా అయ్యే చోటు కూడా అదే, కానీ కథ పూర్తిగా వేరు. ఇక్కడ కొట్టేయడానికి పైన ఏమీ లేదు. కింద ఉన్నది చిన్నదై పోతా ఉంటే పైన ఉన్న 1 అట్లే నిలబడి ఉంది, ఒక మామూలు సంఖ్యని చిన్నదానితో భాగిస్తా పోతే వచ్చేది పెరుగుతా పోవాల్సిందే. కుడి పక్క పైకి, ఎడమ పక్క కిందికి. ఎక్స్ = 3 అనే నిలువు గీత వర్టికల్ అసింప్టోట్, తెలుగు మీడియం వాళ్ళు అనంత స్పర్శరేఖ అని చదువుకుంటారు.

డెఫినిషన్ కూడా ఇక్కడే చెప్పేస్తా, ఎందుకంటే చివరిదాకా దీంతోనే పని. ఒక చోటికి కుడి నుంచి గానీ ఎడమ నుంచి గానీ, కనీసం ఒక్క పక్కనుంచి పోతా ఉన్నప్పుడు ఫంక్షన్ ప్లస్ ఇన్ఫినిటీకో మైనస్ ఇన్ఫినిటీకో పోతే ఆ చోట వర్టికల్ అసింప్టోట్ ఉన్నట్టు. రెండు పక్కలా పోవాలని లేదు, ఒకే దిక్కుకి పోవాలని లేదు, హారం ఉండాలని అసలే లేదు.

ఇన్ఫినిటీకి పోవడం అంటే ఏంది మరి? అది కూడా పందెమే, ఈసారి దగ్గరితనం బదులు పెద్దతనం మీద కాస్తాం. నువ్వు లక్ష అను, 3కి కుడి పక్కన లక్షో వంతు లోపల ఎక్కడ నిలబడినా 1/(ఎక్స్ − 3) లక్ష దాటే ఉంటుంది. కోటి అను, కోటో వంతు లోపల ఎక్కడైనా కోటి దాటే ఉంటుంది. "ఎక్కడైనా" అన్న మాట వదిలిపెట్టొద్దు, దాంతో చివర్లో పని ఉంది. ఒకసారి అక్కడక్కడా కోటి తగిలి మళ్ళీ కిందికి దిగిపోతే కుదరదు, ఆ దగ్గరితనం లోపల ప్రతి పాయింట్‌లోనూ కోటి పైనే ఉండాలి.

చూడండి, ఈ పందెంలో ఇన్ఫినిటీ అనే సంఖ్య ఎక్కడా రాలేదు. లక్ష వచ్చింది, కోటి వచ్చింది, అన్నీ మామూలు సంఖ్యలే. అందుకే "లిమిట్ = ∞" అని రాసినప్పుడు ఆ ఈక్వల్ గుర్తు నిజం ఈక్వల్ కాదు, అది ఒక ప్రవర్తనని పొట్టిగా రాసుకునే పద్ధతి. ∞ గుర్తుని ఇన్ఫినిటీకి మొదట వాడింది జాన్ వాలిస్, 1655లో. పుస్తకాల్లో ఒక చోట "లిమిట్ ఇన్ఫినిటీ" అనీ ఇంకో చోట "లిమిట్ లేదు" అనీ ఉంటే పిల్లోళ్ళు అచ్చుతప్పు అనుకుంటారు. రెండూ కరెక్టే. 1/(ఎక్స్ − 3)² తీసుకోండి, 3కి రెండు పక్కలా పైకే పోతుంది, కాబట్టి లిమిట్ ఏ సంఖ్యా కాదు, అంటే లేదు, ఎందుకు లేదంటే హద్దు లేకుండా పైకి పోతుంది కాబట్టి, దాన్ని పొట్టిగా ఇన్ఫినిటీ అని రాస్తారు. 1/(ఎక్స్ − 3)కి మాత్రం 3 దగ్గర లిమిట్ ఇన్ఫినిటీ అని రాస్తే తప్పు, కుడి ఎడమలు తలోదిక్కూ పోతున్నాయి, ఎవరి మాట రాస్తావు? కుడి లిమిట్ ఇది, ఎడమ లిమిట్ ఇది అని విడివిడిగా రాయాలి. టాన్ 90 దగ్గర జరిగింది కూడా అచ్చంగా ఇదే.

సున్నాతో భాగిస్తే ఎంత అని మనోళ్ళు చానా పాతకాలం నుంచి అడుగుతానే ఉన్నారు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నా బై సున్నా సున్నానే అన్నాడు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు, సున్నాతో భాగిస్తే సంఖ్య మారదు అన్నాడు (ఈయన గణితాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చినాడు, అంటే లెక్కల్ని తెలుగు పద్యాల్లో చెప్పుకొని వెయ్యేళ్ళు కావస్తాంది). 12వ శతాబ్దంలో భాస్కరుడు వచ్చి, సున్నా హారంగా ఉన్న రాశి ఖహరం, అది అనంతం, దాంట్లోకి ఎంత కలిపినా తీసినా మారదు, ప్రళయంలో జీవులన్నీ తనలో కలిసినా సృష్టిలో బయటికి వచ్చినా మారని అచ్యుతుడి మాదిరి అన్నాడు. ముగ్గురిలో భాస్కరుడు దగ్గరికొచ్చినాడు అనిపిస్తుంది, కానీ 1 బై 0 అనంతం, 2 బై 0 కూడా అదే అనంతం అని విలువలుగా రాసుకుంటే 1, 2 సమానం అయిపోతాయి, లెక్కలు కూలిపోతాయి. ఇంత గొప్పవాళ్ళకి కూడా ఎందుకు కుదరలేదు అంటే వాళ్ళు అడిగింది "అక్కడ విలువెంత" అనే ప్రశ్న కాబట్టి. దానికి పనికొచ్చే జవాబు లేదు. కోషీ వాళ్ళు జవాబు మార్చలేదు, ప్రశ్న మార్చినారు, అక్కడ ఏముందో వదిలేయ్, దగ్గరికి పోతా ఉంటే ఏమవుతుందో చెప్పు అన్నారు.

ఇది కాగితం మీద మాత్రమే ఉండే సంగతి అనుకోవద్దు. మా పక్క శనక్కాయ చేలల్లో అడ్డం వచ్చే చెట్టూ చేమా తక్కువ, పడమటి దిక్కు బారుగా కనపడుతుంది. మీటరు ఎత్తు గుంజ ఒకటి నాటి సాయంత్రం దాని నీడ కొలవండి. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే నీడ సరిగ్గా మీటరు. 10 డిగ్రీలకి దిగితే 5.67 మీటర్లు. 5 డిగ్రీలకి 11.43. ఒక డిగ్రీకి 57.29 మీటర్లు, ఈ నంబర్ పైన చూసిందే, టాన్ 89. డిగ్రీలో పదో వంతుకి 573 మీటర్లు, చేను దాటి ఊరి పొలిమేరకి పోతుంది. మన పక్క సూర్యుడు అస్తమించే ముందు సుమారు నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ దిగుతాడు, అంటే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా గంటలకి గంటలు 57 మీటర్ల లోపల ఉన్న నీడ, ఆఖరి నాలుగు నిమిషాల్లోనే 57 నుంచి హద్దులేనంత దూరం పోవాల. అసింప్టోట్ పక్కన గ్రాఫ్ ఎందుకంత నిట్టనిలువుగా లేస్తుందో దీంట్లో తెలుస్తుంది, ఇంతసేపూ నిదానంగా ఉన్నదే చివరి పిసరంత దూరంలో మిగతా అంతా పూర్తి చేయాల్సి వస్తుంది.

సున్నా డిగ్రీల దగ్గర నీడ ఎంత? ఇన్ఫినిటీ కాదు. సూర్యుడి కిరణం నేలకి సమాంతరంగా పోతుంది, గుంజ కొస నీడ నేల మీద ఎక్కడా పడదు, కాబట్టి పొడవు అనే మాటకే అర్థం లేదు. ఇంకొంచెం కిందికి దిగితే సూర్యుడే లేడు. అంటే ఇది ఒక్క పక్క మాత్రమే ఉన్న అసింప్టోట్, అవతలి పక్క ఫంక్షనే లేదు. నిజం చేలో అయితే 573 మీటర్ల నీడని ఎవరూ కొలవలేరు కూడా, ఎందుకంటే సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పు ఉంటాడు, అంత కిందికి దిగాక నీడ అంచు చెదిరిపోయి యాడ మొదలైందో యాడ అయిపోయిందో తెలియదు. లెక్కలో హద్దు లేనిది ప్రకృతిలో కనపడాలంటే ఎక్కడో ఒకచోట ఇంకో కారణం అడ్డుపడుతుంది, ఇంజినీరింగ్‌కి పోయే పిల్లోళ్ళకి ఈ సంగతి ముందుముందు చానా సార్లు ఎదురవుతుంది.

మళ్ళీ కాగితం మీదికొద్దాం. "హారం సున్నా అయితే అసింప్టోట్" అనే రూలు తప్పని మొదటి లెక్కలోనే చూసినాం, పైన కూడా సున్నా అయ్యి లిమిట్ 6 వచ్చింది. దాంతో కొంతమంది రూలుని కొంచెం సవరించుకుంటారు, పైనా కిందా రెండూ సున్నా అయితే బొక్క, కింద మాత్రమే సున్నా అయితే అసింప్టోట్ అని. రెండో సగం కరెక్టే (పైన, కింద మామూలు పాలినామియల్స్ ఉన్నంతవరకు), మొదటి సగం మాత్రం దెబ్బ కొడుతుంది. (ఎక్స్ − 3)/(ఎక్స్² − 6ఎక్స్ + 9) చూడండి. 3 పెడితే పైన 0, కింద 9 − 18 + 9, అదీ 0. సరే బొక్క అని రాసేస్తారు. కానీ కింద ఉన్నది (ఎక్స్ − 3)², పైన ఉన్న ఒక్క ఎక్స్ − 3 తో కొట్టేస్తే కింద ఇంకోటి మిగిలిపోతుంది, అంటే ఇది మారువేషంలో వచ్చిన 1/(ఎక్స్ − 3). అసింప్టోటే. 0 బై 0 అనేది జవాబు కాదు, "ఇంకా పని ఉంది" అని చెప్పే బోర్డు మాత్రమే. పైన ఉన్నది తొందరగా సున్నా అవుతుందా కింద ఉన్నది తొందరగా అవుతుందా అనేదే అసలు పోటీ. కింద గెలిస్తే అసింప్టోట్, సరిసమానం అయితే బొక్క పడి లిమిట్ ఏదో ఒక సంఖ్య, పైన గెలిస్తే బొక్క పడి లిమిట్ సున్నా.

పరీక్షల్లో ఇష్టంగా ఇచ్చే రకం ఇంకోటి ఉంది, రెండూ ఒకే దాంట్లో పెడతారు. (ఎక్స్² − 5ఎక్స్ + 6)/(ఎక్స్² − 4). కింద 2 దగ్గరా మైనస్ 2 దగ్గరా సున్నా. విడగొడితే పైన (ఎక్స్ − 2)(ఎక్స్ − 3), కింద (ఎక్స్ − 2)(ఎక్స్ + 2). ఎక్స్ − 2 పోయింది, మిగిలింది (ఎక్స్ − 3)/(ఎక్స్ + 2). 2 దగ్గర లిమిట్ మైనస్ 1/4, బొక్క మాత్రమే. మైనస్ 2 దగ్గర పైన మైనస్ 5, కింద సున్నా, అసింప్టోట్. దిక్కులు తెలుసుకోవాలంటే బట్టీ అక్కర్లేదు, దగ్గర్లో ఒక సంఖ్య పెట్టి చూడండి, మైనస్ 1.99 పెడితే మైనస్ 4.99 బై 0.01, అంటే మైనస్ 499, కుడి పక్క కిందికి. మైనస్ 2.01 పెడితే రెండూ మైనస్‌లు, 501, ఎడమ పక్క పైకి. నిమిషం పని.

హారమే లేకుండా అసింప్టోట్ ఉంటుందా అంటే ఉంటుంది, లాగ్ (బేస్ 10) చూడండి. లాగ్ 0.1 మైనస్ 1, లాగ్ 0.001 మైనస్ 3, సున్నాకి కుడి నుంచి పోయే కొద్దీ కిందికి దిగుతానే ఉంటుంది. కానీ ఎంత నిదానంగా! పాయింట్ తర్వాత తొంభైతొమ్మిది సున్నాలు పెట్టి ఒకటి రాసినా దాని లాగ్ మైనస్ 100 మాత్రమే. గ్రాఫ్ చూస్తే ఎక్కడో ఒకచోట ఆగిపోయినట్టే కనపడుతుంది, ఆగదు. మైనస్ కోటి దాటాలా, దాటుతుంది, కాకపోతే అందుకు పాయింట్ తర్వాత కోటి సున్నాలు కావాల. పందెంలో వేగం గురించి ఏ షరతూ లేదు గదా.

ఈ పవర్ 1/ఎక్స్ (ఇక్కడ ఈ అంటే e, సుమారు 2.718 అనే సంఖ్య) ఇంకో రకం. కుడి పక్క 0.1 పెడితే ఈ పవర్ 10, సుమారు 22026. 0.01 పెడితే ఈ పవర్ 100, అది నలభై నాలుగు అంకెల సంఖ్య. ఎడమ పక్క మైనస్ 0.1 పెడితే 0.000045, ఇంకా దగ్గరికి పోతే సున్నాలో కలిసిపోతుంది. ఒక పక్క ఆకాశం, ఇంకో పక్క నేల. అయినా డెఫినిషన్ ప్రకారం ఒక్క పక్క చాలు, ఎక్స్ = 0 వర్టికల్ అసింప్టోటే. సైన్ 1/ఎక్స్‌లో కూడా హారంలో ఎక్స్ ఉంది, 0 దగ్గర లిమిట్ కూడా లేదు, కానీ అది ఎంత ఎగిరినా మైనస్ 1కీ 1కీ మధ్యనే కొట్టుకుంటుంది, అసింప్టోట్ లేదు. లిమిట్ లేకపోవడం వేరు, అసింప్టోట్ ఉండటం వేరు.

ఇక కోచింగుల్లో అందరికీ ఇష్టమైన లోపితాల్ రూలు, పిల్లోళ్ళ నోట్లో ఎల్ హాస్పిటల్ రూలు. పైన డిఫరెన్షియేట్ చెయ్, కింద డిఫరెన్షియేట్ చెయ్, విలువ పెట్టు, జవాబు. 1696లో లోపితాల్ పుస్తకంలో అచ్చైంది గానీ కనిపెట్టింది యోహాన్ బెర్నూలీ. మంచి ఆయుధమే, కాదనను. కానీ దాని షరతు 0 బై 0 గానీ ఇన్ఫినిటీ బై ఇన్ఫినిటీ గానీ ఉండాలని, అది చూసుకోకుండా ఏది దొరికితే దాని మీద ప్రయోగిస్తారు. (ఎక్స్ + 1)/(ఎక్స్ − 3)కి 3 దగ్గర వాడండి, పైన 1, కింద 1, జవాబు 1 అని వచ్చేస్తుంది. నిజంగా ఏముంది అక్కడ? పైన 4, కింద సున్నా. 3.01 పెడితే 401, 2.99 పెడితే మైనస్ 399. ఒకటి ఎక్కడిదసలు? ఈఏపీసెట్ (పాత ఎంసెట్) మాదిరి పరీక్షల్లో ఇట్లాంటి తప్పు జవాబు ఆప్షన్లలో ఒకటిగా కనపడితే మనోడు సంతోషంగా దాన్నే టిక్ పెట్టి పోతాడు. రూలు వాడే ముందు విలువ పెట్టి ఏ రూపం వస్తుందో చూడటం అనేది దండగ పని కాదు, అసలు పని.

పనిలో పనిగా ఇంకోటి. సైన్ ఎక్స్ బై ఎక్స్‌కి సున్నా దగ్గర లిమిట్ 1 అని చెప్పి, నమ్మకపోతే క్యాలిక్యులేటర్‌లో చూసుకో అంటే, ఒకడు చూసి "0.01745 వస్తాంది సార్" అన్నాడు. డిగ్రీ మోడ్‌లో ఉంది మరి. అది పై (π) బై 180. రేడియన్‌కి మార్చి 0.1 పెడితే 0.99833 వస్తుంది. లిమిట్ 1 రావడానికే క్యాలిక్యులస్‌లో రేడియన్లు వాడేది.

గ్రాఫ్ గీసే యాప్‌ల మీద కూడా కొంచెం అనుమానం పెట్టుకోండి. కొన్ని యాప్‌లు చుక్కలు లెక్కగట్టి వాటిని గీతలతో కలుపుకుంటా పోతాయి. టాన్‌కి 89.9 దగ్గర 573, 90.1 దగ్గర మైనస్ 573 వస్తే ఆ రెండిటినీ కలిపి నిలువు గీత ఒకటి లాగేస్తాయి, చూసినోళ్ళు అదే అసింప్టోట్ అనుకుంటారు, ఇంకొందరు అది గ్రాఫ్‌లో భాగం అనుకుంటారు. భాగం కాదు. అసింప్టోట్ మనం గీసుకునే సాయపు గీత, అందుకే పుస్తకాల్లో దాన్ని చుక్కల గీతగా వేస్తారు.

"గ్రాఫ్ అసింప్టోట్‌ని ఎప్పుడూ తాకదు" అనే మాట కూడా అందరి నోళ్ళలో నానుతుంది, అది కూడా పూర్తి నిజం కాదు. 1/(ఎక్స్ − 3)కి 3 దగ్గర విలువ 5 అని నేను విడిగా ఇచ్చాననుకో, (3, 5) అనే చుక్క సరిగ్గా ఆ నిలువు గీత మీదే కూర్చుంటుంది, అయినా అసింప్టోట్ అట్లే ఉంటుంది, ఎందుకంటే పాయింట్‌లో ఏముందో లిమిట్‌కి అక్కర్లేదు. ఒక ఎక్స్‌కి ఒకే విలువ ఉండాలి కాబట్టి అంతకుమించి రెండో చుక్కకి మాత్రం చోటు లేదు. అడ్డంగా ఉండే అసింప్టోట్ల సంగతైతే ఇంకా దారుణం, సైన్ ఎక్స్ బై ఎక్స్ కుడికి పోయే కొద్దీ ఎక్స్ అక్షాన్ని పై దగ్గర ఒకసారి, 2 పై దగ్గర ఒకసారి, 3 పై దగ్గర ఒకసారి, ఇట్లా లెక్కలేనన్ని సార్లు కోసుకుంటానే పోతుంది.

డిగ్రీ పిల్లోళ్ళు ఇదంతా విని బాగానే ఉంది అన్నాక నేను బోర్డు మీద రాసేది (1/ఎక్స్) సైన్ (1/ఎక్స్). సున్నా దగ్గర అసింప్టోట్ ఉందా? హద్దు లేకుండా పెరుగుతుంది సార్, ఉంది అంటారు ఎక్కువ మంది. పెరుగుతుంది, నిజమే, 1/ఎక్స్ ఉన్న చోట రెండున్నర పై, నాలుగున్నర పై, ఆరున్నర పై వచ్చేటట్టు ఎక్స్‌ని తీసుకుంటా పోతే సైన్ ప్రతిసారీ 1 అవుతుంది, ఫంక్షన్ విలువ కూడా అంతే పెద్దదవుతుంది, కోటి కాదు వంద కోట్లైనా దాటుతుంది. కానీ 1/ఎక్స్ సరిగ్గా పై, 2 పై, 3 పై అయ్యే చోట్లన్నీ సైన్ సున్నా, కాబట్టి ఫంక్షన్ సున్నా, అట్లాంటి చోట్లు కూడా సున్నాకి ఎంత దగ్గర పోయినా దొరుకుతానే ఉంటాయి. నువ్వు కోటి అన్నావు, నేను ఏ దూరం ఎంచుకున్నా అందులో "ఎక్కడైనా" కోటి పైన ఉంటుందని చెప్పలేను, ఎందుకంటే ఆ దూరం లోపలే ఫంక్షన్ లెక్కలేనన్ని సార్లు సున్నాకి దిగి వస్తుంది. కుడి పక్క ఓడిపోయినాను. ఎడమ పక్క చూసినా ఎక్స్‌కి మైనస్ పెడితే రెండు మైనస్‌లూ కొట్టుకుపోయి అదే గ్రాఫ్ వస్తుంది కాబట్టి అక్కడా ఓటమే. హద్దు లేదు, లిమిట్ ఇన్ఫినిటీ కాదు, ఎక్స్ = 0 దీనికి వర్టికల్ అసింప్టోట్ కాదు.